ఏటిని తీగ మీద ఆరేసిన డూగల్

న్యూజిలాండ్ దక్షిణపు కొసన, మా లోయలో చీమిడి నాచు అంటని వాగు ఒక్కటే మిగిలింది. దాని గేటు తాళంచెవి మా నైరీ అత్త జేబులో ఉంటుంది. చుట్టుపక్కల ఏళ్ళన్నిట్లోనూ రాళ్ళకు జలుబు చేసినట్టు ఆ నాచు వేలాడుతోంది. ఒక్క తడి బూటు చాలు, మా వాగూ అంతే. అందుకే ట్రౌట్ చేపలకు గాలం వెయ్యడానికి వచ్చినవాడెవడైనా ముందు అత్త వరండాలో కూర్చుని, తన బూట్లలో ఆ నాచు లేదని ఆవిడకి నమ్మకం కలిగించాలి. ఆ రోజు గాలం పట్టుకుని డూగల్ మామ వచ్చాడు. అలవాటుగా గుమ్మం దగ్గర బూట్లు విప్పేసి, మేజోళ్ళతో కుర్చీలో చేరగిలబడి, రొట్టెకి వెన్న పూసుకుంటూ మొదలుపెట్టాడు.

"శుభ్రం గురించి నన్నా అడుగుతున్నావ్ నైరీ? పోయిన వేసవిలో అవతలి ఏట్లో కోటు గుండీ అంత నాచు నా మడమకి అంటుకుంది. ఇంకొకడైతే దులుపుకుని పోయేవాడు. నేను గిన్నెలు తోమే సబ్బు కలిపి, పాత పళ్ళ బ్రష్షుతో గంటసేపు తోమా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గుండీకి తల్లి ఉంది! ఏటి అడుగున పడుకునుంది, గొర్రె అంత."

"గొర్రె అంతా?" అన్నాన్నేను.

"బొచ్చు కత్తిరించని గొర్రెరా, రాంగీ! గాలం తగిలించి లాగా. వస్తోందీ, వస్తోందీ, బొంత లాగినట్టు ఏటి అడుగంతా లేచి వచ్చేస్తోంది, ఆరు మైళ్ళు! అందులో ట్రౌట్లు ముసుగుతన్ని పడుకున్నాయి. 'లేవండమ్మా, పక్క దులపాలి' అని ఒక్కోదాన్నీ బతిమాలి లేపా."

"అయితే నాచు చచ్చింది కదా మామా?"

"చస్తుందా, మొండి ఘటం! పాల ట్యాంకరు ఆపి, దాన్నిండా సబ్బునీళ్ళు పట్టించి ఏట్లో వదిలా. నురగ లేచింది చూడూ, కొండ మీద గొర్రెలు కనబడితే ఒట్టు. మంచు పడిందనుకుని బడికి సెలవిచ్చేశారు!"

నైరీ అత్త నవ్వలేదు. "కడిగితే సరా? పూర్తిగా ఆరాలి. ఆరాక ఇంకో రెండు రోజులు ఆగాలి."

"అక్కడికే వస్తున్నా! ఏటిని ఎత్తి, పిండి, కంచె తీగ మీద ఆరేశా. ఈ చివర కొండ, ఆ చివర సముద్రం. సరిగ్గా నాలుగొందల బట్టల క్లిప్పులు పట్టాయి. రెండు రోజులూ కన్ను మూస్తే ఒట్టు. అయినా ఒక మలుపు గాలికి ఎగిరిపోయి ఆస్ట్రేలియాలో పడిందిట."

"మరి చేపలో?"

"తీగ మీదే, పిచ్చుకల్లా బారుగా కూర్చున్నాయి. ఎండకి ఒళ్ళు మాడిందని ఒకటే సణుగుడు. వాటి ఒంటి మీద ఆ గోధుమరంగు మచ్చలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావ్? సరే, తాళంచెవి ఇలా పడెయ్ నైరీ."

అత్త లేచి గుమ్మం దగ్గర్నుంచి ఒక బూటు తెచ్చింది. పైన రబ్బరు తళతళలాడుతోంది. తిరగేసింది. అడుగున మందంగా అదిమిన ఉన్ని. లోపల తడి దాచుకుంటుందని ఆ రకం బూట్లు ఏళ్ళ కిందటే నిషేధించారు. బొటనవేలితో నొక్కింది. వరండా చెక్క మీద బొటబొటా నీళ్ళు కారాయి, వాటితో పాటు ఒక గోధుమరంగు నాచు పోగు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా వాగు ఆ పోగంత దూరంలో తప్పించుకుంది. డూగల్ నమలడం ఆపేశాడు.

"ఏరంతా ఆరేసినవాడివి, జానెడు బూటు ఆరెయ్యడానికి తీగ మిగల్లేదా?" అంది అత్త. "ఈ బూట్లు పొయ్యిలోకి. ఆ మేజోళ్ళు తీగ మీదికి."

జేబులో చెయ్యి పెట్టింది. తాళంచెవి బయటికి రాలేదు. రెండు బట్టల క్లిప్పులు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇవి చాలకపోతే, నీ దగ్గర నాలుగొందలు ఉన్నాయిగా!"