ఇద్దరిదీ ఒకే మాట

1982 వేసవి. నర్సీపట్నం పంచాయతీ సమితి ఆఫీసులో ప్రెసిడెంటు గది. సమితి ప్రెసిడెంటు చినబాబు ఒక గోడవైపు, మహిళా మండలి నడిపే అతని వదిన వరలక్ష్మమ్మ ఇంకో గోడవైపు కూర్చున్నారు. వాళ్లిద్దరి మధ్యా మాటలు లేక మూడేళ్లయింది. మధ్య కుర్చీలో రిటైరైన కాలేజీ లెక్చరరు యాజులు గారు. పొద్దున్నుంచి ఒకరి మాట ఇంకొకరికి ఆయనే అందిస్తున్నారు. ఇద్దరూ ఒకే గదిలోకి వచ్చారన్నదే ఆయనకి ఈ పూటకి పెద్ద ఊరట.

"మేస్టారూ, ఆవిడగారికి సెప్పండి. దొరల ముందు ఇంటి గొడవలు పెట్టొద్దని సెప్పండి."

"అమ్మా, ప్రెసిడెంటుగారు ఏమంటున్నారంటే, మనలో మనకి ఏమున్నా..."

"ఇన్నాను పంతులుగారూ. నాకు సెవుడు లేదు. నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టాలన్నది ఇంటి గొడవ కాదని ఆయనగారికి సెప్పండి."

"బాబూ, ఆవిడ ఏమంటున్నారంటే..."

"ఇనబడింది మేస్టారూ."

"ఇద్దరికీ వినబడుతూనే ఉంది. మరి మధ్యలో నేనెందుకు, ఈ వడగాలిలో?"

"మీరు లేకపోతే నేనెవరితో మాట్లాడాలండి?"

"ఆ మాట మట్టుకు ఆయనగారు సరిగ్గానే అన్నారు పంతులుగారూ."

"హమ్మయ్య. ఒక్క విషయంలో ఇద్దరూ కలిశారు. ఇంకొకటి కుదిరితే నేను ఇంటికెళ్లి మజ్జిగ తాగుతాను."

"ఆళ్లకేటి కావాలో ఇంకోసారి సెప్పండి మేస్టారూ. ఆవిడగారు నిన్న బంగళాలో లేరు కదా."

"నన్ను పిలిస్తే కదా ఉండడానికి. సెప్పండి పంతులుగారూ, ఇంటాను."

"నిన్న సాయంత్రం ఆ విదేశీ దొరలు ట్రావెలర్స్ బంగళాలో కూర్చోబెట్టి చెప్పారమ్మా. మన మంచినీళ్ల పథకానికి డబ్బిచ్చేది వాళ్ల దేశం. ఇన్నాళ్లూ ఢిల్లీలో ఆఫీసర్లతో మాట్లాడుకున్నారు, హైదరాబాదులో మాట్లాడుకున్నారు, ఇక్కడ బోర్లు వేయించి వెళ్లిపోయారు. ఇప్పుడు సాయం ఇచ్చే పద్ధతే తిరగరాసుకుంటున్నారట. ఎక్కడ ఏం కట్టాలో ముందు ఎవర్ని అడగాలి అని. అందుకని సమితినీ, జనంలో పనిచేసే సంఘాన్నీ ఒక్కచోట కూర్చోబెట్టి వినాలనుకున్నారు. ఇక్కడ విన్నది వాళ్ల దేశంలో పెద్ద సమావేశంలో చదువుతారట. మన ట్యాంకు సంగతీ ఈవేళే తేల్చేసి, మధ్యాహ్నం బండికి యలమంచిలి వెళ్లిపోతారు."

"అందుకే ఒకే మాట మీద ఉందామంటున్నాను. సమితిలో ఎప్పుడూ అలగే సేత్తాం. లోపల ఎంత కొట్టుకున్నా బయటికి ఏకగ్రీవం."

"లోపల కూడా ఎవరూ కొట్టుకోరని సెప్పండి పంతులుగారూ. వైస్ ప్రెసిడెంటు మన్మథరావుగారు ఒక మాటంటారు. మెంబర్లందరూ తలకాయలూపుతారు. టీ తాగి ఎల్లిపోతారు."

"అమ్మా, కొంచెం మెల్లగా. ఆయన వరండాలోనే కూర్చున్నారు, మెంబర్లతో."

"ఇననీండి. మేస్టారూ, ఆవిడగారికి గట్టిగానే సెప్పండి. ట్యాంకు మా ఊళ్లోనే కడతాం. సమితి తీర్మానం అది. మారదు."

"బాబూ, మీరు కూడా కొంచెం మెల్లగా..."

"మారదని సెప్పండి."

"మారదట అమ్మా. అంటే, మార్చడం కష్టం అని వారి అభిప్రాయం."

"మీరు పంచదార కలపకండి పంతులుగారూ, సేదు నాకలవాటే. ఊరు పల్లంలో ఉంది. గెడ్డపేట ఎగువనుంది, కొండ మొదట్లో. ఊళ్లో ట్యాంకు కడితే నీళ్లు పేటకి ఎక్కుతాయా? అదే పేట పక్కన మెట్టమీద కడితే పేటకీ వత్తాయి, ఊరికీ వత్తాయి. దీనికి ఇంజినీరు సదువు కావాలేటి?"

"ఊళ్లో జనం ఎక్కువ. పేటలో ముప్ఫై గడపలు లేవు."

"ఆ గడపల్లో ఆడవాళ్లు ఎండాకాలమంతా గెడ్డలో ఇసక తవ్వి, సెలమలో ఊరిన నీళ్లు గరిటెతో తోడుకుంటున్నారు. దేవుడమ్మ నిండు సూలాలు. బిందె ఎత్తుకుని ఒడ్డెక్కుతూ జారిపడింది. బిడ్డ దక్కలేదు. ఆ సంగతి ఆయనగారికి తెలుసో లేదో అడగండి."

"బాబూ..."

"మేస్టారూ, ఆ ఫ్యాను వెయ్యండి."

"కరెంటు లేదు బాబూ. పొద్దుటినుంచీ లేదు."

"లేదా."

"లేదు. దేవుడమ్మ సంగతి అడుగుతున్నారు ఆవిడ."

"తెలుసు."

"తెలుసట అమ్మా."

"తెలిసీ తీర్మానం సేసేరన్నమాట. ఆయనగారికి కొత్తేటి. మూడేళ్ల కిందట బోర్లప్పుడూ ఇదే అడిగాను."

"అది ఇప్పుడొద్దమ్మా."

"ఎందుకొద్దు పంతులుగారూ? మొదటి బోరు పేటలో వేస్తామన్నారు. మన్మథరావుగారి కళ్లంలో వేసేరు. సమితి హాల్లో లేసి అడిగాను. ఈయనగారేమన్నారు? మా అన్న బతికుంటే నిన్ను గుమ్మం దాటనిచ్చేవాడా అన్నారు. అంతమంది మగాళ్లలో. ఆ అన్నగారే నాకు సదవడం నేర్పించేరు. మండలి పెట్టమని కుర్చీలు కొనిచ్చింది ఆయనే."

"ఆవిడగారు నన్నేమన్నారో అది కూడా సెప్పమనండి."

"అనవలసిందే అన్నాను."

"నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నలుగురిలో నన్ను నీళ్ల దొంగ అంది మేస్టారూ."

"బోరు కళ్లంలో పడితే మరేటంటారో అడగండి."

"కళ్లం నాది కాదని సెప్పండి."

"పడనిచ్చిందెవరో అడగండి."

"చూడండి, ఇద్దరూ నా మొహం చూసే అంటున్నారు. అన్ని తిట్లూ నాకే తగులుతున్నాయి. ఒక్క మాట చెప్పనివ్వండి నన్ను. మా ఆవిడ పోయి నాలుగేళ్లు. మాటలు లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాఫీ కలుపుకుని, పంచదార ఎక్కువైందని చెప్పడానికి మనిషి లేక ఊరుకుంటాను. నాకైతే మనిషే లేదు. మీకు ఎదురుగా ఉన్నారు."

"పంతులుగారూ, మీరు మంచోరు."

"మంచి సంగతి కాదమ్మా. ఇందాక మీ మొహాన ఎండ పడుతుంటే, బాబు లేచి వెళ్లి ఆ కిటికీ రెక్క మూశాడు. నేను చూశాను."

"గాలికి కొట్టుకుంటుందని ఏసేను మేస్టారూ."

"గాలెక్కడిది బాబూ, ఆకు కదలడం లేదు."

"కిటికీల సంగతి దొరలడగరు పంతులుగారూ. ట్యాంకు సంగతి సూడండి, బేగి. ఆళ్లొచ్చే వేళవుతుంది."

"అదే నేనూ అంటున్నాను. మేస్టారూ, ఆవిడగారు దొరల ముందు పేట సంగతి ఎత్తితే ఏటవుతుందో సెప్పండి. ఇక్కడ వాళ్లలో వాళ్లకే పడటం లేదంటారు. పథకం ఎత్తుకెళ్లి ఇంకో జిల్లాకి ఇచ్చేత్తారు. మన్మథరావుగారు పెద్ద ఆఫీసర్ల దగ్గర కనుక్కున్నారు."

"పోతాదా పంతులుగారూ? నిజంగా?"

"ఆ వచ్చినవాళ్లలో దొరసాని నాతో అలా అనలేదమ్మా."

"పోదని అందా?"

"పోదనీ అనలేదు."

"మీరడగలేదా?"

"లేదమ్మా. అడిగితే ఏం చెబుతుందోనని భయమేసింది."

"మీక్కూడా భయమేసిందా."

"ఏం చేయను. ఎంతో దూరం నుంచి వచ్చారు, మన ఊళ్లో ఒక పూట కూర్చుని వింటామన్నారు. అది చెడగొట్టుకోకూడదని నా ఆశ. మళ్లీ ఎప్పుడొస్తారో. అసలొస్తారో లేదో."

"పోతే ఊరికీ లేదు, పేటకీ లేదు."

"అంతేనని సెప్పండి మేస్టారూ. ఆవిడగారి పంతం కోసం రెండూళ్లూ ఎండిపోవాలి. రేపు దేవుడమ్మ దగ్గరికెల్లి ఆవిడగారే సెప్పుకోవాలి, నా నోటి మూలాన పోయిందని."

"బాబూ, ఆ మాట నేనందించను."

"అందించక్కర్లేదు పంతులుగారూ. తగిలింది."

"అమ్మా, కాస్త మంచినీళ్లు..."

"వద్దండి. ఆయనగారికి సెప్పండి. ఊళ్లోనే కట్టుకోమనండి."

"అమ్మా?"

"కట్టుకోమనండి. పేట మొదట్లో ఒక్క కుళాయి వేయించమనండి, నీళ్లు ఎక్కిన రోజున ఎక్కుతాయి, ఎక్కని రోజున పాత గెడ్డ ఉండనే ఉంది. దొరలడిగితే సమితి మాటే మా మాట అంటాను. ఇంకేం అనను. పేటలో ఆడవాళ్లకి ఏం సెప్పాలో నేను సూసుకుంటాను."

"బాబూ, విన్నారా?"

"ఇన్నాను."

"ఒప్పుకున్నారు ఆవిడ. మీరడిగినట్టే."

"ఇన్నానన్నాను కదా మేస్టారూ."

"మరి మాట్లాడరేం? ఆవిడ ఇంత దిగి వచ్చాక ఒక మంచి మాటైనా..."

"ఉండండి. మన్మథరావుగారూ, ఓ మన్మథరావుగారూ. ఇక్కడంతా అయిపోయిందండి. ఏకగ్రీవమే. మీరూ మెంబర్లూ జీపెక్కి బంగళాకెల్లి దొరల్ని తోడుకురండి. అందరూ ఎల్లండి, బాగుంటాది. దండలు మరిచిపోకండి."

"నేను కూడా వెళ్లనా బాబూ? ఇంగ్లీషు చెప్పడానికి..."

"మీరు కూకోండి మేస్టారూ. వరండా వైపు కిటికీలోంచి సూసి సెప్పండి. ఎక్కేరా?"

"ఎక్కుతున్నారు. మన్మథరావుగారు ముందు కూర్చున్నారు. ఒకాయన వెనక వేలాడుతున్నాడు."

"వరండాలో ఎవరేనా మిగిలేరా?"

"ఎవరూ లేరు. జీపు గేటు దాటింది. ఏమిటి బాబూ, అందర్నీ పంపించేశారేం?"

"మెట్టమీద కడితేనే రెండూళ్లకీ నీళ్లందుతాయని నాకు తెలుసు మేస్టారూ. ఎప్పుడో తెలుసు. ఇంజినీరు నన్నొక్కణ్ణీ పక్కకి పిలిచి సెప్పేడు."

"తెలుసా? మరి ఇంతసేపూ..."

"నేను మెట్టమీదన్నానంటే సాయంత్రానికి అవిశ్వాసం పెడతారు. ట్యాంకు ఊళ్లోనే కట్టాలని పట్టుబట్టింది మన్మథరావు, మెంబర్లందరూ ఆయన సేతిలో ఉన్నారు. నన్ను దింపి ఆ కుర్చీలో ఆయన కూకుంటాడు. అప్పుడు పేటకి కుళాయి కూడా రాదు."

"అయితే ఆవిడ తగ్గడం మంచిదే అయింది కదా బాబూ. మీ కుర్చీ నిలబడింది, పేటకి ఒక కుళాయైనా వచ్చింది, దొరల ముందు పరువూ..."

"అదే వొచ్చింది తంటా. మీరు మమ్మల్ని కలిపేసేరు మేస్టారూ."

"కలపడానికే కదా నన్ను పిలిపించారు?"

"మెంబర్ల ముందు పిలిపించాలి కాబట్టి పిలిపించేను. ఆవిడగారు మీ మాటకి మెత్తబడిపోతారనుకోలేదు. పొద్దున్నుంచి ఎన్నన్నాను. దేవుడమ్మ పేరు పెట్టి కూడా అన్నాను. నా నోట్లో పురుగులు పడ. అయినా ఆవిడగారికి కోపం రాలేదు."

"కోపం రాకపోతే మంచిదే కదా? నాకు అర్థం కావడం లేదు బాబూ. అమ్మా, మీకేమైనా..."

"నాకూ అర్థం కాలేదని సెప్పండి పంతులుగారూ."

"మీకు అర్థమైందమ్మా. మీ మొహమే చెబుతోంది."

"కాలేదని సెప్పండి. ఆయనగారికి ఏటి కావాలో ఆయనగారి నోటంట రావాలని సెప్పండి."

"బాబూ, ఆవిడ ఏమంటున్నారంటే..."

"ఇనబడింది."

"మరి చెప్పండి. నేను అందిస్తాను. బంగళా ఈ పక్కనే కదా, అదిగో జీపు అప్పుడే తిరిగొస్తోంది. వెనకాల దొరల కారు. ఆవిడకి ఏం చెప్పమంటారు?"

"మీరు సెప్పొద్దు మేస్టారూ. ఇది మీ సేత సెప్పించే మాట కాదు."

"పోనీ నేను బయటికి వెళ్లనా?"

"ఉండండి, మీరుంటేనే నాకు ధైర్యం. వదినా, ఆళ్లొచ్చి కూకున్నాక నువ్వు లేసి నలుగురిలో నన్ను కడిగెయ్, నీ మాట దొరలు రాసుకుంటే గాని నేను ట్యాంకుని మెట్టెక్కించలేను."