ఓజెల్లా అత్త ఏరుకున్న పిస్తోలు

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. ఇదా నువ్వు కొందామనుకుంటున్న పిస్తోలు? అగ్గిపెట్టెంత ఉంది. చవక, పైగా చేతిసంచీలో పడుతుంది అంటావు, అంతేనా? మా నాన్న థర్మన్ కూడా వాళ్ళక్క ఓజెల్లాతో అచ్చం ఇలాగే వాదించాడు. మా మేనత్తని నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మొగుడు పోయాక ఆ కొండదారి చివర ఒంటరిగా ఉండేది. కోళ్ళకోసం నక్కలు, దారితప్పి తాగుబోతులు, వచ్చేవాళ్ళకి లోటు లేదు. "సరైన తుపాకీ అయినా పట్టుకో, లేదా మా ఇంటికైనా వచ్చెయ్యక్కా" అని కూర్చున్నాడు నాన్న. మా ఇంటికి అంటే మా అమ్మ మోరీన్ దగ్గరికన్నమాట. అమ్మ మంచిదే, కాదన్ను, కానీ సబ్బుని కూడా వాడాక తుడిచి పెట్టే మనిషి. సోఫాకి తొడుగు, ఆ తొడుగు మురికవకుండా పైన దుప్పటి. అత్తేమో బూట్లతో మంచమెక్కే రకం. వాళ్ళిద్దరూ ఒక్క కప్పు కింద వారం ఉంటే ఎవరో ఒకరు చచ్చేవాళ్ళు, తుపాకీ అవసరం లేకుండానే.

సరే, ఏం చెబుతున్నాను, ఆ, క్లీటస్ కొట్టు. ముందు గదిలో చేపలకి ఎరలు, వెనక గదిలో తుపాకులు. అత్త ఎలాగూ ఏదీ ఏరుకోలేదని నాన్నకి ఎంత ధీమా అంటే, ఆవిడ బట్టలపెట్టె ముందే ట్రక్కులో పడేసి మరీ తెచ్చాడు, నన్నూ వెంటేసుకుని. క్లీటస్ గులాబీరంగు పిడి ఉన్న బుల్లిదాన్ని తీసి, "ఆడవాళ్ళకి ఇదేనమ్మా" అన్నాడు. "నేను పెళ్ళికూతుర్ని కాదురా, కోళ్ళు కాచుకునేదాన్ని" అని అత్త సంచీలోంచి పందికొవ్వు డబ్బా తీసి రెండు చేతులకీ దట్టంగా పూసుకుంది. నేను సిగ్గుతో ఎరల గదిలోకి పోబోయాను. క్లీటస్ నోరు తెరిచేశాడు. "ఏంట్రా అలా చూస్తావు? నేను పిండి కలుపుతున్నప్పుడే వస్తాడు, వచ్చే వెధవ. ఆగు నాయనా, చేతులు కడుక్కొస్తానని చెప్పనా?" అంది. ఆ జిడ్డుచేతుల్తో ఒక్కోదానికీ, తూటా ఎక్కాలంటే లాగాల్సిన పైభాగాన్ని వెనక్కి లాగి చూసింది. తుపాకీ బుల్లిదైన కొద్దీ లోపల స్ప్రింగు మొండిదే, అన్నీ జారిపోయాయి. చివరికి కింది అరలోంచి పోలీసులు వాడి అమ్మేసినది ఒకటి, రంగుపోయి, అరచేతికన్నా కాస్త పెద్దది, తియ్యమంది. వెన్నలో కత్తిలా వెనక్కొచ్చింది. ధరా అన్నిట్లోకీ తక్కువే. "ఎవరో వాడి వదిలేసిందక్కా అది" అని నాన్న మొహం చిట్లించాడు. "నన్నూ ఒకడు వదిలేసి పోయాడుగా, పని చెయ్యట్లేదా?"

నాన్న ఒప్పుకుంటేగా. కంకర గుంట దగ్గరికి పోయి కాఫీడబ్బాలు నిలబెట్టాం, ఎవరి తుపాకీ తూటా ఇరుక్కోకుండా ఖాళీ అయితే వాళ్ళ మాట నెగ్గినట్టు. ఆయన ఆ గులాబీపిడి దాన్ని క్లీటస్ దగ్గర అడిగి తెచ్చాడు. బుల్లిది గాడిదపిల్లలా తంతుంది, అది గుర్తుపెట్టుకో. మొదటి దెబ్బకే టోపీ ఎగిరింది. రెండోది పేలగానే కాలిన తూటా తొడుగు ఎగిరి తిన్నగా నాన్న కాలరులో పడింది. తుపాకీ పక్కనున్న బల్లమీద పెట్టాడు, అక్కడివరకూ బుద్ధిమంతుడే. ఆ తర్వాత ఎగిరాడు చూడూ. నాట్యం పాపమని చర్చిలో కుర్రకారుని కసిరే పెద్దమనిషి, చొక్కా పైకెత్తి, ఒంటికాలి మీద. "థర్మన్, నీలో ఈ కళ ఉందని మోరీన్‌కి తెలుసా?" అంది అత్త. చూస్తే ఆయన తుపాకీలో మూడో తూటా అడ్డంగా ఇరుక్కుని ఉంది. అత్త జిడ్డుచేతులతోనే తనది ఖాళీ చేసింది. డబ్బాలు రెండే పడ్డాయనుకో, ఆవిడ గురి అంతంతే. కానీ ఎక్కడా ఇరుక్కోలేదు.

నాన్న ఆ బట్టలపెట్టెని తనే మోసి అత్త మెట్లెక్కించాడు. భోంచేసి పొమ్మంది. తిన్నాడు, బూట్లు విప్పకుండా మంచమెక్కి కాళ్ళు చాపాడు. అమ్మ ఫోను చేస్తే అత్త తియ్యబోయింది. "నువ్వు ఒంటరిగా భయపడుతున్నావని, నేను కాపలా ఉన్నానని చెప్పక్కా" అన్నాడు.

ఆ... ఏంటీ, మరి ఏది కొనాలంటావా? జిడ్డుచేతులతో లాగి చూసి, జారనిదే కొను. కిటికీ వెయ్యి, దోమలొస్తున్నాయి.