మ్యాప్ మీద ఎర్ర మచ్చ

హలో… అవ్, నేనే, నర్మదను. చెప్పు జైపాలన్నా… దవాఖానల్నే ఉన్న, డ్యూటీల. చెప్పు.

మ్యాప్ల ఎర్ర మచ్చనా? … అవ్, ఇంక ఉన్నది. మన్నెగూడ రోడ్డు మీద నీ వెంచర్ ఉన్నకాడనే.

నేను పెట్టలేదన్నా! కంప్యూటర్ పెట్టింది. పడ్డ వానలు, ఎండ, ఉక్క, దవాఖానకొచ్చిన జరాలు… అన్ని కలిపి లెక్కగట్టి ముందుగాలనే చెప్తది, గీడ డెంగ్యూ లేస్తదని. అందుకే గద మొన్న మాపటికి నీకు చూపించిన, గుంతలల్ల నీళ్లు తోడిస్తవని… తోడించినవా?

… మరి ఎందుకు చేసినవ్ ఫోన్?

ఏందీ? … ఆ ఎర్ర మచ్చను పచ్చగ చేయాల్నా?

దిమాక్ గిట్ల ఖరాబైందా నీకు! … ఆదివారం ప్లాట్లు కొనెటోళ్లొస్తే నాకేంది? మచ్చ ఎర్రగుండి, నేను మెసేజ్ పంపితేనే గద మందు కొట్టెటోళ్లు వచ్చేది, రక్తం పరీక్షలు చేసేది. గుంతల పక్కనే షెడ్లల్ల పండుకుంటున్నరు కూలోళ్లు. చంటిపిల్లలున్నరు—

ఉత్త లెక్కనా? కంప్యూటర్ చెప్తే నమ్ముతరా అంటవా? … సరే తీ. నీతోటి నాకు గాదు. వదినకియ్యి ఫోన్.

లేదా? యాడికి పోయింది? … బడంగ్‌పేట్, తల్లిగారింటికా? … పూజితను గూడ తోల్కపోయిందా? బడి ఉన్నది గద పిల్లకు…

ఆగు. ఎప్పుడు పోయిన్రు?

… నిన్న పొద్దుగాల.

మ్యాప్ చూసినంక.

అంటే నమ్మినవ్! మంచిగ నమ్మినవ్. పెండ్లాం బిడ్డలను దాటిచ్చినవ్, ఇగ నన్ను పచ్చగ చేయమంటున్నవ్…

వాచ్‌మన్ సాయన్నకు చెప్పినవా? … ఆయనింటామె కాశమ్మక్కకు? వాళ్ల మనుమడు ఆ గుంతల కాడనే ఆడుతడు గద… ఎందుకు చెప్పలే?

… పని ఇడ్సిపెట్టి పోతరనా?

థూ! నిన్ను అన్నా అని పిలువనీకి అసయ్యమైతుంది నాకు. నీ పిల్లనే పిల్లనా? వాళ్లకు పుట్టినోళ్లు పిల్లలు గారా?

బతిమాలకు… బాపు పేరు తియ్యకు, ఆయనుంటే చెంప పలగ్గొట్టేటోడు… నోరు మూసుకొని జర లైన్లనే ఉండు.

… ఏం జేస్తున్ననా? మెసేజ్ కొడ్తున్న. ఆ చుట్టుపక్కల ఉన్నోళ్లందరికి.

అయిపోయింది. పంపిన. నీకు గూడ వస్తది, సూడు… వచ్చిందా?

నీ ఎన్కాల ఇంకో ఫోన్ మోగింది, ఎవరిది? … నాకు ఇనొచ్చింది. ఎవరిది?

సాయన్న అక్కడనే ఉన్నడా? అయితే ఇయ్యి ఫోన్. నేనే చెప్త… ఇయ్యమంటున్న గద! సాయన్నా! సాయన్నా, నేను నర్మదను, మనుమడ్ని ఆ గుంతల కాడ ఆడనియ్యకు, జల్ది—

హలో? … హలో?