మారని సిద్ధాంతంలో ఒక్క అక్షరం

"ఒక్క అక్షరమమ్మాయ్! ఒకే ఒక్క అక్షరం మార్చాను. అంతకు మించి నేను చేసిందేమీ లేదు," అన్నాడు బాబాయి, టీ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి.

ఎదురుగా ఉన్న ప్రెస్సులో కాగితాలు కోసే మెషిన్ దగ్గర ఆయన ఉద్యోగం. అక్కడ కోసేవి తక్కువ, ఈ టీకొట్లో కోసేవి ఎక్కువ. ఆయన అమ్మాయ్ అని పిలిచినావిడ అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. ఓ పార్టీ మేనిఫెస్టో మొదటి పేజీలో 'మా మారని సిద్ధాంతం' అని ఉండాల్సింది 'మా మారని రాద్ధాంతం' అని అచ్చయింది. యాభై వేల ప్రతులు పంచేశారు కూడా. ఆవిడ దిద్దిన ప్రూఫు కనబడటం లేదు. తప్పెవరిదో మధ్యాహ్నంలోగా తేల్చకపోతే రేపట్నుంచి పనిలోకి రావద్దని ఆవిడతో అన్నాడు ఓనరు.

"నువ్వా మార్చింది?" అందావిడ.

"నేను కాక నీ మేనమామా? ఒళ్ళు మండి మార్చాను. పదేళ్ళ కిందట వాళ్ళ మేనిఫెస్టో కోసిందీ నేనే. అప్పుడేమన్నారు? ఫ్యాక్టరీలన్నీ జనానివి. పోయిన ఎన్నికల్లో? సగం జనానివి, సగం వ్యాపారులవి. ఈసారి ఫ్యాక్టరీలూ వ్యాపారులవే, జనమూ వాళ్ళదే! పైన మాత్రం మారని సిద్ధాంతమట. సిగ్గుండక్కర్లా? కంప్యూటర్ దగ్గరి ఆపరేటర్ అటు వెళ్ళగానే కూర్చుని 'సి' పీకి 'రా' పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేమిటి?" అన్నాడు టీకొట్టాయన.

"పార్టీలో ఒక్కడికీ తెలీలేదు! అధ్యక్షుడు గుండె మీద చెయ్యేసుకుని 'ఈ రాద్ధాంతం కోసం ప్రాణాలిస్తాం' అని మైకులో చదివితే లక్ష మంది చప్పట్లు! అది చూసి ఎదుటి పార్టీకి కడుపుమంట. రాద్ధాంతం నలభై ఏళ్ళుగా మాది, మా సొత్తు కొట్టేశారంటూ పార్లమెంటులో కాగితాలు చించి వాకౌట్!"

"ఎన్నికలని పార్లమెంటు రద్దయి నెలయింది కద బాబాయ్?" అన్నాడు పక్క బెంచీ మీది ఆటో డ్రైవరు.

"నా కోసం మళ్ళీ తెరిచార్రా, అడ్డురాకు! రాద్ధాంతం ఎవరిదో తేలాలి కదా, స్పీకరు గారు ఓటింగు పెట్టారు. ఒక్కొక్కడూ గుమ్మంలో ఓ పార్టీ, బెంచీ దగ్గర ఓ పార్టీ, చెయ్యెత్తేటప్పటికి ఇంకో పార్టీ. ఎవడి మెడలో ఎవడి కండువా ఉందో వాడికే తెలీదు. చివరికి లెక్కపెడితే అందరూ అధికార పక్షమే! ఎదురు బెంచీల వైపు గోడ ఫ్యానొకటి మిగిలింది, అదీ తల అటే తిప్పేసింది!"

"అయ్యో, ఫ్యాను కూడానా!" అన్నాడు టీకొట్టాయన.

"మరే! అప్పుడు ప్రధానమంత్రి స్వయంగా ఫోను. 'బాబాయ్, దేశం మొత్తమ్మీద సిద్ధాంతమున్నవాడివి నువ్వొక్కడివే, వచ్చి ప్రతిపక్షంగా కూర్చో' అని. కూర్చున్నా. వాళ్ళ మాటలు వినలేక లేచి వాకౌట్ చేశా. నేను తలుపేసిన చప్పుడికి పక్కన మూడు దేశాల్లో ప్రభుత్వాలు కూలిపోయాయి!"

ఆటో డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఇంతసేపూ రాస్తున్న కాగితాన్ని బాబాయి ముందుకు జరిపింది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"నువ్వు చెప్పిందే. ప్రధానమంత్రినీ ఫ్యానునీ వదిలేశాను. 'ఆపరేటర్ లేనప్పుడు అక్షరం మార్చింది నేనే' అన్నంత వరకు రాశాను. తప్పులుంటే చూసి సంతకం పెట్టు. ఓనరు ప్రెస్సులోనే ఉన్నాడు, పన్నెండు కావస్తోంది."

బాబాయి కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. రెండోసారి వేలు పెట్టి చదివాడు.

"ఒక్క తప్పుందమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "'నేనే' అన్నచోట 'ఎవరో' అని ఉండాలి."

"మరి ఒళ్ళు మండిందన్నావు?"

"మండింది నిజం. నీ తోడు, ఇప్పుడూ మండుతోంది. కానీ ఓనరు దగ్గరికంటే..."

"నీదీ మేనిఫెస్టోయే బాబాయ్," అని ఆవిడ లేచింది. కాగితం ఆయన ముందే వదిలేసి, తన మాట తనే చెప్పుకోవడానికి రోడ్డు దాటింది.