జాజు పూసిన తాడు

నందికొండ, ఆదివారం పొద్దున. డ్యాం కట్టిన నాటి జాగాలు చూడవచ్చిన వాళ్లందరూ ఫోటోలకని నది వైపు దిగిపోయారు. జానయ్య ఒక్కడే దిగలేదు. దారి చూపించే పిల్లను కూడా కట్ట పక్కనున్న గుర్తురాయి దగ్గరి నుంచి కదలనివ్వలేదు.

"ఇంకోపారి చెప్పు."

"ఏది తాతా?"

"ఇప్పుడు గీ రాయి కాడ నిలబడి అందరికి చెప్పినవ్ గద. గదే."

"అరవై మూడుల ఈడ పరంజ కూలింది. గుర్వయ్య అనే కూలీ కింద పడి పానం పోయింది. ఇరవై ఏండ్లోడు."

"పందొమ్మిది."

"నా కాయితంల ఇరవై ఉన్నది."

"కాయితం నీది. తమ్ముడు నాకు. పందొమ్మిది."

"అయ్యో... నీ తమ్ముడా? ముందుగాల చెప్పకపోతివి తాతా. జర నీడకు కూచో. నీళ్లు తాగు."

"నీళ్లొద్దు. పడ్డడు అన్నంక ఇంకో మాటన్నవ్."

"ఇంకేమన్న? ఆనాడు ఆడోళ్లు సున్నం తట్టలు మోసుకుంట పిల్లగాండ్లకు తొట్టెలలు కట్టుకునేటోళ్లని..."

"అది గూడ అబద్ధమే. ఆడోళ్లకు యాళ్ల ఏడ దొరికేది? తొట్టెలలు మొగోళ్లం కట్టేటోళ్లం. నా బిడ్డ మల్లమ్మకు నేను కట్టిన, నా చేతులతోని. తాడుకు ఎర్ర కొస ఉండె. పోరి అది నోట్లె పెట్టుకునేది. ఒకనాడు మూతంత ఎర్రగైతే మా ఆమె నెత్తురనుకొని కట్ట మీదికెల్లి ఒర్రుకుంట ఉరికొచ్చింది."

"హహ... ఇది బాగున్నది తాతా. రేపటికెల్లి గిదే చెప్త. మొగోళ్లు కట్టేటోళ్లని."

"నవ్వకు. దాటెయ్యకు. తొట్టెల సంగతి నేనడగలె. పరంజ కూలింది, దాని ఎనక ఏమన్నవ్?"

"... ఎవరి తప్పు లేదు అన్న."

"ఆఁ. గా మాట. ఎవలు నేర్పిండ్రు?"

"ఎవరు నేర్పుతరు? విన్నదే చెప్తున్న."

"ఎవలి నోట విన్నవ్?"

"పాతోళ్ల నోట. తాతా, వాళ్లు పైకొచ్చే యాళ్లయింది."

"రానీ. నీ పేరేంది?"

"కరుణ. గీ బిళ్ల మీద ఉన్నది సూడు."

"ఇంటిపేరు లేదే బిళ్ల మీద."

"ఇంటిపేరు ఎందుకు రాస్తరు?"

"ఏ ఊరు?"

"గీ ఊరే."

"గీ ఊరంటే? పైలాన్ కాలనీనా, హిల్ కాలనీనా?"

"చర్చి ఎనక."

"చర్చి ఎనక ఎవలిల్లు?"

"ఏంది తాతా, పోలీసోని లెక్క! నువ్వు ఆఫీసోళ్ల మనిషివా? నా మీద ఎవరన్న ఏమన్న రాసిచ్చిండ్రా? చేరి ఆరు నెలలు గూడ కాలె నేను."

"ఎవలు రాసియ్యలె. నా మనుమడు ఫోన్ల చూపిచ్చిండు. నువ్వు గీ రాయి మీద చెయ్యేసి, ఎవలి తప్పు లేదంటున్నవ్. కల్వకుర్తిల తెల్లారకముందు లేసి రెండు బస్సులు మారి వచ్చిన."

"దాని కోసమేనా?"

"దాని కోసమే. మా ఆమె పోయి మూడేండ్లు. ఇంట్ల గోడలతోని మాట్లాడుతున్న. నాకు మిగిలింది ఒక్క పని. సచ్చేలోపట గీ రాయి కాడ ఒకని పేరు వినాలె."

"ఎవరి పేరు?"

"పరంజ కట్టినోని పేరు. సచ్చినోని పేరు చెప్తవ్, సంపినోని పేరు ఎందుకు మింగుతవ్?"

"ఎవరో ఏమో. ఎన్నేండ్ల కింది ముచ్చట..."

"ఏసోబు. విన్నవా? ఏసోబు. నేను కింద రాళ్లు చెక్కేటోణ్ణి. నా రాయి ఇంకా కట్టల ఉన్నది, ఎంట్రుక మందం కదలలె. వాని ముడి ఒక్క రాత్రి ఆగలె. ఆనాడు వాడు తాగి కట్టిండు."

"తాగలె."

"తాగిండు."

"తాగేటోడు కాదు మా తా..."

"ఆగు. మా ఏంది?"

"ఏం లేదు."

"మా తాత. గదేనా? సూడంగనే అనుకున్న. గా చెవులు ఏసోబువే. చాటల తీరు."

"అవు. మా తాతనే. అయితే ఏంది?"

"అయితే ఏందా? తాత పాపం కడుగనీకె మెడల బిళ్ల ఏసుకున్నవ్! పట్నపోళ్ల ముందట రోజొక్కపారి కడిగి ఆరేస్తున్నవ్. రేపు ఆఫీసుకు పోతున్న. మనుమరాలు తాత తప్పు మరుగు పెడ్తున్నదని రాసిస్త."

"రాసియ్యి. ఉంటే ఉంటది, పోతే పోతది నౌకరి. ఆయన పోయిండని ఎరుకనా నీకు?"

"ఎరుక. కబురొచ్చింది. రాలె."

"మట్టి చెయ్యకుండ పొద్దు వాలేదాక ఆపినం నీ కోసం. పాస్టరు గూడ కోపం చేసిండు."

"ఎవలు ఆపుమన్నరు?"

"ఆయనే. ఆఖరి దినాలల్ల అన్నడు, జానయ్య వస్తడేమో, జర చూడుండ్రి అని."

"సూడు మరి. తప్పు చేసినోడే గట్ల ఎదురుచూస్తడు. ఒప్పుకున్నట్టే."

"నువ్వేం మనిషివి తాతా? సచ్చినోని మాటల గూడ దొంగనే ఎతుకుతవా?"

"ఎతుకుత. యాభై ఐదేండ్లాయె, వానితోని నేను ఒక్క మాట మాట్లాడలె. ఎదురొస్తే తొవ్వ మార్చిన. వాడన్న వచ్చి, నేను చెయ్యలె జానయ్యా అన్నడా? ఒక్కపారన్న అన్నడా?"

"అనలె. ఎందుకనలేదో నాకెరుక. చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నడు."

"చెప్పకు. రేపు ఆఫీసుల చెప్పు."

"చెప్త. ఇంక ఆయన లేడు గద, చెప్త. ముడి జారలె తాతా. తాడు కోసిండ్రు."

"కోసిండ్రా? ఎవలు?"

"పరంజ కట్టినంక మా తాత కొస రెండు బారలు ఇడిసేటోడు. తెల్లారి పైవరుస లేస్తే దాన్నే గుంజి కట్టనీకె. ఎరుక లేనోళ్లకు అది ఊకెనే యాలాడినట్టు కొడ్తది. కాని ముడి బిగువంత దాంట్లనే ఉంటది. దాన్ని కోస్తే రాత్రంత మెల్లగ ఇడుస్తది. పరంజ కూలినంక ఆయన కట్టె కాడికి పోయి చూసిండు. కొస లేదు. కత్తి గాటు ఉన్నది."

"కట్టు కథ. వాని కొసనే అని ఎట్ల ఎరుక? గీడ వెయ్యి తాళ్లుండె."

"ఆయన కొసలకు జాజుమన్ను రుద్దేటోడు. ఎర్రగ. వేరే ముఠావోళ్లు ఎత్తుకపోకుండ."

"... జాజా?"

"అవు. గా కొస ఆయనకు మల్ల కండ్ల పడ్డది. తొట్టెలకు కట్టి ఉన్నదట."

"ఎవలి తొట్టెలకు?"

"ఎవరి తొట్టెలనో ఆయన నాకు చెప్పలె. ఎన్నిసార్లు అడిగినా చెప్పలె. చెప్పింది వేరేటోళ్లు."

"ఎవలు?"

"వద్దు తాతా. నీకు మంచిగుండదు."

"ఎవలే పిల్లా?"

"నర్సింగవ్వ. మీ ఇంటామె."

"అబద్ధం. మా ఆమె మీ గడప తొక్కలె. నేను తొక్కనియ్యలె."

"దవాఖానకని నీకు చెప్పి వచ్చింది. నాలుగేండ్లాయె. పచ్చ చీర, చేతిల మందుల చీటి. చాయ పెట్టింది నేనే. మా తాత కాళ్లు పట్టుకొని ఏడ్చింది. తాడు నేనే కోసిన అన్నా, ఊకెనే యాలాడుతున్నది అనుకున్న, ఆయనకు చెప్పే ధైర్యం లేకపాయె, నిన్ను దొంగను చేసిన అన్నది."

"నేనే కోసిన... అన్నదా?"

"నా చెవులతోని విన్న."

"ఏసోబు ఏమన్నడు?"

"లేవట్టిండు. నువ్వెందుకు మోస్తున్నవ్ చెల్లే, ఇద్దరం మోసుడెందుకు, నా ఒక్కని మీదనే ఉండనీ అన్నడు. ఆమె మోసుడేంది, ఈయన మోసుడేంది, నాకు సమజ్ కాలె. తాతా? జర కూచో."

"ఆమె మల్ల వచ్చిందా?"

"రాలె. నువ్విట్ల మీద మీద అడిగినవని చెప్పిన, లేకుంటే చెప్పకపోయేదాన్ని. ఆమెను ఏమనుకోకు. చిన్న పోరి, పచ్చి బాలింత, ఏమెరుక?"

"ఆమెకు కత్తి ఏడిది?"

"ఏంది?"

"రాళ్లు చెక్కేటోని నడుముల ఉంటది కత్తి. సున్నం తట్ట మోసేదానికి ఏడిది?"

"తాతా..."

"తాడు ఎక్కడిదయ్యా అనడిగింది ఆనాడు. ఊకెనే యాలాడుతాంటే తెచ్చిన అన్న."

"... వాళ్లొస్తున్నరు తాతా. మెట్లెక్కుతున్నరు."

"రానీ."

"పేరు చెప్పుమంటివి గద. ఏం చెయ్యను? అవ్వ పేరు చెప్ప. నా నోటెంట రాదు. ఎవరి తప్పు లేదనే అంట."

"అనకు."

"మరేం చెప్పుమంటవ్?"

"గీ రాయి మీద చెయ్యెయ్యి. పేరు చెప్పు. జానయ్య అని చెప్పు."