నీలం నీళ్లు, పసుపు డంపర్

గోదావరిఖనిలో ఒక క్వార్టర్ వరండా. రిటైరైన తండ్రి అరచేతంత ప్లాస్టిక్ బొమ్మ డంపర్ మీద, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో పసుపు రంగు కొడుతున్నాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపే బిడ్డ పొద్దుటి షిఫ్టు దిగి అప్పుడే వచ్చింది.

“బాపు, అద్దాలు తుడిచే నీలం నీళ్లు నువ్వు తీసినవా?”

“తీసిన. పలచనయ్యేతందుకు రంగుల కలిపిన.”

“థిన్నర్ కొనుక్కోరాదు?”

“అది హైదరాబాద్ నుంచి రావాలె. అందాక ఇంట్ల ఉన్నయి కలిపి చూస్తున్న. ఉత్త నీళ్లు కలిపితే ప్లాస్టిక్ మీద బొట్లుబొట్లుగ నిలిచింది. శానిటైజర్ కలిపితే ఈ ఎండకు బ్రష్ మూతిలనే ఎండిపోయింది.”

“మరి గిది?”

“గిది మీగడ లెక్క పరుచుకున్నది. చూడు.”

“మంచిగుంది. కని నా డంపర్ ఎన్నడన్న గింత తళతళ మెరిసిందా?”

“దుమ్ము రంగు రేపు కొడత. స్టీరింగ్ కాడ ఎవరున్నరో చూసినవా?”

“నేనా? డంపర్ ఎక్కొద్దని అలిగి, బువ్వ మానేసింది నువ్వే గద బాపు.”

“అప్పుడు అలిగిన. ఇప్పుడు రంగేస్తున్న.”

“బొమ్మ ముఖానికి రంగు ఎయ్యలేదేంది?”

“నీ కోసమే ఆగిన. ముఖం కడుక్కోకుండ జర వెలుతుర్ల కూసో బిడ్డా. నీ చెంప మీద ఉన్న బొగ్గు రంగు కలపాలె.”