చక్రానికి కొంచెం ఆట

యుద్ధం ముగిసిన ఏడాది. పటాలంవాళ్లు వేలంలో అమ్మిన మోటారు సైకిలును తోసుకుంటూ, మార్కాపురంలో ఎడ్లబండ్లు బాగుచేసే కమ్మరి కొలిమి ముందుకు ఒక యువకుడు మళ్లీ వచ్చాడు.

"ఏం రిపేరు చేసినావు మామా? ముందు చక్రం కటకటమని ఊగుతాంది. దోర్నాల దారిలో పడి చచ్చేవాణ్ణి!"

"ఊగకుండా ఎట్లుంటది? ఇరుసు కాడ కొంచెం ఆట ఇడిసినా. బిగిసిపోతే ఎద్దులు ఈడ్చలేవు గదా."

"దీనికి ఎద్దులు యాడుండాయి మామా?"

ముసలాయన సుత్తి కింద పెట్టి నవ్వాడు.

"నిజమే అల్లుడా. చెయ్యి పాత అలవాటున పోయింది. మీ నాయన బండికీ ఇంతే ఆట పెట్టేవాణ్ణి. ఆ చప్పుడు ఊరి బయట ఇనపడితే చాలు, మీ అమ్మ ఆయనకు నీళ్లు కాగబెట్టేది."

యువకుడి గొంతులో కోపం కరిగిపోయింది.

"నిన్న సాయంత్రం గూడా కాగబెట్టింది మామా."

"ఎవురికి?"

"పడతానేమోనని ఇంజను ఆపి, ఇంటిదాకా తోసుకుంటా పోయినా. నాయన పోయినాక మంచం దిగని మనిషి, పొయ్యి కాడ కూర్చోనుంది. నన్ను చూసి, 'కాగినాయి, నువ్వన్నా పోసుకో నాయనా' అన్నది."

కొలిమిలో బొగ్గు చిటపటలాడింది. ముసలాయన పానా అందుకున్నాడు.

"ఇటు తే, బిగిస్తా. ఈసారి రవ్వంత గూడా ఊగదు."

యువకుడు హ్యాండిలు వదలలేదు. బండిని మెల్లగా ఇంటి వైపు తిప్పుకున్నాడు.

"రేపు బిగిద్దువులే మామా. ఈ పూటకు తోసుకుంటా పోతా."